ప్వెబ్లా తలవంచని రోజు

*మే 5 వస్తోందంటే అమెరికాలో బార్లు, రెస్టారెంట్లు ముస్తాబవుతాయి. ఆ తేదీ వెనక ఉన్నవాళ్లు వేరు: అప్పుల్లో కూరుకుపోయిన ఒక దేశం, కళ్లద్దాలు పెట్టుకున్న ఒక యువ జనరల్, కత్తులు పట్టుకుని కొండలు దిగివచ్చిన రైతులు.*

తెల్లవారగానే తుపాకులు మోగుతాయి. మెక్సికో సిటీ విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న పెన్యోన్ దె లోస్ బాన్యోస్ పేటలో మే 5 అంటే అంతే. మందు దట్టించిన పొడవాటి తుపాకులు భుజాన వేసుకుని జనం వీధుల్లోకి వస్తారు. కొందరు ముఖానికి మసి పూసుకుని, గడ్డి టోపీలు పెట్టుకుని, భుజాలకు సంచులు తగిలించుకుంటారు. మరికొందరు నీలం కోట్లు, ఎర్ర లాగులు తొడుక్కుని ఫ్రెంచి సిపాయిలైపోతారు. వాద్య బృందాలు ముందు నడుస్తాయి. గుమ్మాల దగ్గర ఆడవాళ్లు పెద్ద పెద్ద గిన్నెల్లో వండి వచ్చినవాళ్లందరికీ వడ్డిస్తారు.

పొద్దెక్కేకొద్దీ పొగ దట్టమవుతుంది. రెండు పక్షాలూ ఎదురెదురుగా నిలబడి గాల్లోకి కాలుస్తుంటే చెవులు గింగురుమంటాయి. పైన విమానాలు దిగుతూనే ఉంటాయి, కింద 1862 నాటి యుద్ధం నడుస్తూనే ఉంటుంది. చివరికి అందరూ పేట మధ్యనున్న గుట్ట ఎక్కి అక్కడ ఫ్రెంచి సేనను ఓడిస్తారు. ఏటా అదే యుద్ధం, ఏటా అదే ఫలితం. అయినా ఏ ఒక్క ఏడూ ఆ ఉత్సాహం తగ్గదు.

ఆ రోజు పేరే సింకో దె మాయో. అంటే మే 5.

ఊరేగింపు ఆగిపోయిన ఏడాది

ఈ పండగ కొన్నాళ్లుగా అమెరికాలో వేరే కారణంతో వార్తల్లో నిలుస్తోంది. 2025లో షికాగోలో ఏటా జరిగే సింకో దె మాయో ఊరేగింపును నిర్వాహకులే రద్దు చేసుకున్నారు. వలస అధికారులు దాడి చేస్తారన్న భయంతో కుటుంబాలు వీధిలోకి రావడానికి వెనకాడుతున్నాయని వాళ్లు చెప్పారు. ఫిలడెల్ఫియాలో, మెక్సికోలోని ప్వెబ్లా నుంచి వలస వచ్చినవాళ్లు జరుపుకునే ఉత్సవం కూడా అదే భయంతో ఆ ఏడాది ఆగిపోయింది. ఆ ఊళ్లో ఇలా జరగడం అదే మొదటిసారి కాదు, 2017లోనూ ఇదే కారణంతో ఆపేశారు.

ఒకపక్క బీరు కంపెనీల ప్రకటనల్లో, సూపర్ మార్కెట్ల అవకాడో గుట్టల్లో సింకో దె మాయో వెలిగిపోతోంది. ఇంకోపక్క ఆ పండగను తమ ఊరి నుంచి మోసుకొచ్చినవాళ్లు తలుపులు వేసుకుని కూర్చుంటున్నారు. అసలు ఈ రోజు ఎవరిది, ఎందుకు పుట్టింది అన్న ప్రశ్న ఇప్పుడు మళ్లీ ముందుకొచ్చింది అందుకే.

అప్పు తెచ్చిన యుద్ధం

1858 నుంచి మూడేళ్లపాటు మెక్సికో తనలో తాను కొట్టుకుంది. చర్చి ఆస్తుల మీద, సైన్యం హక్కుల మీద కత్తెర వేసిన 1857 రాజ్యాంగం కావాలన్న ఉదారవాదులు ఒక పక్షం, వద్దన్న సంప్రదాయవాదులు ఇంకో పక్షం. ఉదారవాదులు గెలిచారు. ఓహాకా కొండల్లోని గెలతావో అనే పల్లెలో జపోటెక్ ఆదివాసీ కుటుంబంలో పుట్టిన బెనితో హ్వారెస్ దేశాధ్యక్షుడిగా రాజధానికి తిరిగొచ్చాడు. ఖజానా తెరిచి చూస్తే చిల్లిగవ్వ లేదు.

1861 జూలై 17న హ్వారెస్ ప్రభుత్వం విదేశీ అప్పుల చెల్లింపును రెండేళ్లపాటు ఆపేసింది. అప్పు ఎగ్గొడతామని అనలేదు, గడువు అడిగింది. బ్రిటన్, స్పెయిన్, ఫ్రాన్స్ అక్టోబరు 31న లండన్‌లో ఒప్పందం చేసుకుని యుద్ధనౌకలు పంపాయి. వెరాక్రూజ్ రేవులో దిగాక చర్చలు జరిగాయి. ఫ్రాన్స్ రాబట్టుకోవడానికి వచ్చింది బాకీ ఒక్కటే కాదని బ్రిటన్‌కూ స్పెయిన్‌కూ అర్థమైంది. 1862 ఏప్రిల్‌లో ఆ రెండు దేశాలూ వెనుదిరిగాయి. ఫ్రాన్స్ మాత్రం కదల్లేదు.

మెక్సికో గద్దె మీద తనకు నచ్చిన రాజును కూర్చోబెట్టాలన్నది ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్ ఆలోచన. అమెరికా అంతర్యుద్ధంలో మునిగి ఉంది కాబట్టి అడ్డుకునేవాడు లేడు. దీనికి తోడు జాన్ బాప్తిస్త్ జెకర్ అనే స్విస్ బ్యాంకరు వ్యవహారం ఒకటుంది. అతను మెక్సికోలోని పాత ప్రభుత్వానికి ఇచ్చిన సొమ్ము కొద్దిగానే, రాయించుకున్న బాండ్లు మాత్రం కోటిన్నర పెసోలు. ఆ బాండ్ల వసూలులో నెపోలియన్ సవతి సోదరుడు మోర్నీకి వాటా ఉంది. ఈ లెక్కలన్నిటికీ మూల్యం చెల్లించాల్సి వచ్చింది మెక్సికో పల్లెల జనమే.

కళ్లద్దాల జనరల్

ఫ్రెంచి సేనకు నాయకుడు లోరెన్సే ప్రభువు. అతని వెంట ఉన్నది దాదాపు 6,000 మంది, క్రిమియాలో, ఇటలీలో, అల్జీరియాలో పోరాడి గట్టిపడిన సిపాయిలు. ఏప్రిల్ చివర్లో అతను తన యుద్ధమంత్రికి ఒక లేఖ రాశాడు. జాతిలో, క్రమశిక్షణలో, నైతికతలో మెక్సికన్ల కంటే తాము ఎంతో పైన ఉన్నామని, 6,000 మందితో తాను ఇప్పటికే మెక్సికోకు యజమానినని చక్రవర్తికి చెప్పమని కోరాడు. సింకో దె మాయోను అర్థం చేసుకోవాలంటే ముందు ఆ లేఖను గుర్తుపెట్టుకోవాలి.

అతనికి ఎదురు నిలిచిన ఇగ్నాసియో సరగోసాకు అప్పటికి 33 ఏళ్లు. గుండ్రటి కళ్లద్దాలు, ప్రశాంతమైన ముఖం. ఫొటోలో చూస్తే బడిపంతులు అనుకుంటారు. 1829లో టెక్సస్ ఇంకా మెక్సికోలో భాగంగా ఉన్నప్పుడు అక్కడి బహియా దెల్ ఎస్పిరితు సాంతో అనే చిన్న స్థావరంలో ఒక సిపాయి ఇంట పుట్టాడు. మెక్సికో అంతర్యుద్ధంలో ఉదారవాదుల పక్షాన ఎదిగి యుద్ధమంత్రి అయ్యాడు. ఫ్రెంచివాళ్లు దిగారని తెలియగానే ఆ పదవి వదిలి తూర్పు సేన బాధ్యత తీసుకున్నాడు.

ఇంటి సుఖం అతనికి దాదాపుగా దక్కలేదు. 1857లో తన పెళ్లికే వెళ్లలేకపోయాడు. సైనిక విధుల మధ్యలో సెలవు దొరక్కపోతే అతని స్థానంలో సోదరుడు మిగెల్ పెళ్లికొడుకుగా నిలబడి రఫాయెలా పదియా చెయ్యి అందుకున్నాడు. 1862 జనవరిలో రాజధానిలో ఆమె కన్నుమూసే వేళకీ సరగోసా పక్కన లేడు, సేనతోనే ఉన్నాడు. నాలుగు నెలల తరవాత ప్వెబ్లా కోటల దగ్గర నిలబడింది ఆ దుఃఖం ఇంకా ఆరని మనిషి.

ఆ మధ్యాహ్నం ఏం జరిగింది?

వెరాక్రూజ్ నుంచి రాజధానికి వెళ్లే దారిలో ప్వెబ్లా పెద్ద నగరం. చర్చి పలుకుబడి ఎక్కువ, ఉదారవాదులంటే గిట్టనివాళ్లూ ఎక్కువే. ఫ్రెంచి సేనకు అక్కడ పూలవాన కురుస్తుందని ఫ్రెంచి రాయబారి సలీనీ లోరెన్సేకు చెప్పాడు. ఊరికి ఉత్తరాన గుట్ట మీద లొరేతో, గ్వాదలూపె అనే రెండు కోటలున్నాయి. వాటి జోలికి పోవద్దని, ఊరిని వేరే వైపు నుంచి ముట్టడించమని మెక్సికో సంప్రదాయవాద మిత్రులు సలహా ఇచ్చారు. లోరెన్సే వినలేదు. ఎత్తు మీదున్న కోటలకే నేరుగా గురిపెట్టాడు.

సరగోసా సేన సంఖ్యలో తక్కువ. చేతుల్లో ఉన్నవి పాతకాలపు తుపాకులు, చాలామందికి సరైన బూట్లు లేవు. ప్రపంచంలో మొదటి సిపాయిలు వాళ్లైతే, మెక్సికో మొదటి బిడ్డలు మీరు అని అతను తన వాళ్లతో అన్నాడు.

పోరు మధ్యాహ్నం వేళ మొదలైంది. ఫ్రెంచి ఫిరంగులు దూరం నుంచి పేలాయి కానీ గుట్ట వాలు వల్ల కోటల గోడలకు పెద్దగా దెబ్బ తగల్లేదు. ఫ్రెంచి సిపాయిలు పైకి ఎగబాకారు, మెక్సికన్లు వెనక్కి తోసేశారు. మళ్లీ వచ్చారు, మళ్లీ తోసేశారు. మూడోసారి వచ్చేసరికి ఫ్రెంచి ఫిరంగుల గుండ్లు నిండుకున్నాయి. ఇంతలో ఆకాశం చిల్లుపడ్డట్టు వాన పడింది. వాలు అంతా బురదై కాళ్లు నిలవలేదు. కుడివైపు నుంచి పోర్ఫిరియో దియాస్ అనే యువ సేనాని తన దళంతో విరుచుకుపడ్డాడు. సాయంత్రానికి ఫ్రెంచి సేన వెనక్కి తగ్గింది. వాళ్లలో దాదాపు 500 మంది చనిపోవడమో, గాయపడటమో జరిగింది. మెక్సికో వైపు మరణాలు వంద లోపే.

సరగోసా రాజధానికి తంతి పంపాడు. దేశపు ఆయుధాలు కీర్తిని కప్పుకున్నాయన్నది అందులో మెక్సికో పిల్లలందరికీ తెలిసిన మాట. నాలుగు రోజుల తరవాత, మే 9న, హ్వారెస్ ఆ తేదీని జాతీయ పండగగా ప్రకటించాడు.

అదే రోజు సరగోసా పంపిన ఇంకో తంతి మాత్రం పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. విజయం చూసి ప్వెబ్లా పండగ చేసుకోలేదు, ఊరు సంతాపంలో ఉన్నట్టుంది, దీన్ని తగలబెడితే బాగుండునన్నంత కోపం అందులో ఉంది. సెప్టెంబరు 8న అతను టైఫాయిడ్‌తో చనిపోయాడు. మూడు రోజులకు ఆ ఊరి పేరును ప్వెబ్లా దె సరగోసాగా మార్చారు. 1976లో అతని అస్థికలను తెచ్చి ఆ కోటల దగ్గరే సమాధి కట్టారు.

---

ఇది స్వాతంత్య్ర దినం కాదు

• మెక్సికో స్వాతంత్య్ర దినం సెప్టెంబరు 16. 1810లో డొలోరెస్ ఊళ్లో ఫాదర్ మిగెల్ ఇదాల్గో చర్చి గంట మోగించి స్పెయిన్ మీద తిరుగుబాటుకు పిలుపిచ్చిన రోజు.

• ప్వెబ్లా యుద్ధం నాటికి దేశానికి స్వాతంత్య్రం వచ్చి 40 ఏళ్లు దాటింది.

• మెక్సికో కార్మిక చట్టంలోని తప్పనిసరి సెలవుల్లో మే 5 లేదు. బెనితో హ్వారెస్ పుట్టినరోజు మార్చి 21కి గుర్తుగా ఇచ్చే సెలవు ఉంది.

• ఏటా మే 5న సైనిక సేవలో చేరిన మెక్సికో యువకులు జాతీయ జెండా ముందు ప్రమాణం చేస్తారు.

---

కొండ దిగివచ్చిన జనం

పెన్యోన్ వీధుల్లో మసి పూసుకున్న వేషాలు ఎవరివో ఇప్పుడు చెప్పుకోవాలి. ప్వెబ్లా రాష్ట్రానికి ఉత్తరాన మంచు పట్టే ఎత్తైన కొండలున్నాయి. సకపోఆస్త్‌లా, తెతెలా, షోచిఆపుల్కో అక్కడి ఊళ్లు. నావా భాష మాట్లాడే ఆదివాసులు, చిన్న రైతులు ఎక్కువ. ఆ కొండల నుంచి వచ్చిన ఆరో బెటాలియన్ మే 5న కోటల కింద ఫ్రెంచివాళ్లతో ముఖాముఖి తలపడింది. తుపాకీ చాలనిచోట మచ్చేతీ పనిచేసింది. చెరకు కొట్టడానికి, తుప్పలు నరకడానికి వాడే కత్తే అది.

జనం నోట ఆ బెటాలియన్ మొత్తం 'సకపోఆస్త్‌లా'గా నిలిచిపోయింది. అందులో ఎక్కువమంది తెతెలా, షోచిఆపుల్కో వాళ్లే, తమ ఊరి పేరు మరుగున పడిందన్న బాధ ఆ ఊళ్లలో ఇప్పటికీ ఉంది. ఆ కొండలను నడిపిన హువాన్ మెందెస్, హువాన్ బోనియా, నావా నాయకుడు హువాన్ ఫ్రాన్సిస్కో లూకాస్‌లను అక్కడివాళ్లు 'ముగ్గురు హువాన్లు' అని చెప్పుకుంటారు.

కోటల దగ్గర మరో మనిషి కూడా ఉన్నాడు. జనరల్ మిగెల్ నెగ్రేతే నిన్నమొన్నటిదాకా సంప్రదాయవాదుల సేనలో ఉండి ఉదారవాదుల మీద పోరాడినవాడు. పార్టీ కంటే ముందు తనకు దేశం ఉందని చెప్పి సరగోసా పక్షాన నిలబడ్డాడు. మూడేళ్లు ఒకరినొకరు చంపుకున్న దేశంలో అలా నిలబడటం తేలిక కాదు.

గెలిచినా ముగియని యుద్ధం

మే 5న గెలిచారు కానీ యుద్ధం అక్కడితో ముగియలేదు. అవమానం దిగమింగలేని నెపోలియన్ మరో పాతిక వేల మందికి పైగా సేనను పంపాడు. 1863 వసంతంలో ఫ్రెంచివాళ్లు ప్వెబ్లాను 62 రోజులు ముట్టడించారు. ఊళ్లో తిండి అయిపోయింది, గుండ్లు అయిపోయాయి. మే 17న నగరం లొంగిపోయింది. జూన్‌లో రాజధాని పడింది. హ్వారెస్ తన ప్రభుత్వాన్ని గుర్రపు బండిలో పెట్టుకుని ఊరూరూ తిరుగుతూ ఉత్తరాన అమెరికా సరిహద్దు దాకా వెళ్లాడు. దేశం మాత్రం దాటలేదు.

1864లో ఆస్ట్రియా రాజవంశానికి చెందిన మాక్సిమిలియన్ చక్రవర్తిగా వచ్చాడు. మూడేళ్లు నిలిచాడు. 1865లో అమెరికా అంతర్యుద్ధం ముగిసింది, ఫ్రాన్స్ మీద ఒత్తిడి పెరిగింది, నెపోలియన్ సేనలను వెనక్కి పిలిచాడు. 1867 ఏప్రిల్ 2న దియాస్ ప్వెబ్లాను తిరిగి గెలిచాడు. జూన్ 19న కెరెతారో ఊరి బయట గుట్ట మీద మాక్సిమిలియన్‌ను కాల్చి చంపారు.

మరి అయిదేళ్లు సాగిన యుద్ధంలోని ఒక్క రోజును అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నారు? ఆ అయిదేళ్లూ కొండల్లో, ఎడారుల్లో గెరిల్లా పోరు సాగించినవాళ్లకు చూపించుకోవడానికి ఒక రోజు కావాలి. లోరెన్సే లేఖలో రాసిన మాట అబద్ధమని తేలిన రోజు అది. ఏటా మే 5న ఫ్రెంచి ఆక్రమణ కిందా జనం దాన్ని తలుచుకున్నారు, హ్వారెస్ ఏ ఊళ్లో తలదాచుకుంటే ఆ ఊళ్లో జరిపాడు.

---

ఓడినవారికీ ఒక పండగ

ఫ్రెంచి విదేశీ దళానికి అన్నిటికంటే పవిత్రమైన రోజు ఏప్రిల్ 30. ఆ రోజూ ఈ యుద్ధంలోనిదే. 1863లో ప్వెబ్లా ముట్టడికి సరుకు తీసుకెళ్లే దారిని కాపాడుతూ కామెరోన్ అనే పల్లెలో 65 మంది సిపాయిలు దాదాపు 2,000 మంది మెక్సికన్లతో రోజంతా పోరాడి ఓడిపోయారు. వాళ్ల నాయకుడు కెప్టెన్ దాంజూది ఒక చెయ్యి కొయ్యది. ఆ కొయ్యచేతిని ఫ్రాన్స్‌లోని ఒబాన్య్ పట్టణంలో భద్రపరిచి ఏటా ఏప్రిల్ 30న ఊరేగిస్తారు.

---

కాలిఫోర్నియా గనుల్లో తొలి బాణసంచా

మెక్సికో పండగను అమెరికా ఎత్తుకుపోయిందని చాలామంది అనుకుంటారు. సంగతి అలా లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖ వైద్యకళాశాలలో ఆచార్యుడు డేవిడ్ హేస్ బౌతీస్తా, లాటినోల ఆరోగ్య చరిత్ర కోసం 19వ శతాబ్దపు స్పానిష్ పత్రికలు తిరగేస్తుంటే ఈ పండగ మూలాలు బయటపడ్డాయి. 2012లో ఆయన దాని మీద పుస్తకం తెచ్చారు.

ప్వెబ్లా కబురు కాలిఫోర్నియా చేరేసరికి కొన్ని వారాలు పట్టింది. బంగారు గనుల ఊరు కొలంబియాలో మెక్సికన్ గని కార్మికులు ఆ వార్త చదవగానే తుపాకులు గాల్లోకి కాల్చారు, బాణసంచా వెలిగించారు, పాటలు పాడారు. అప్పటికి అమెరికాలో బానిసత్వం కోసం దక్షిణాది రాష్ట్రాలు యుద్ధం చేస్తున్నాయి. తూర్పున గెలుపు ఎవరిదో తేలడం లేదు. మెక్సికో 1829లోనే బానిసత్వాన్ని రద్దు చేసింది. ఒకపక్క బానిసల యజమానులు, ఇంకోపక్క ఫ్రెంచి చక్రవర్తి గెలిస్తే తమ గతేమిటని భయపడుతున్న ఆ జనానికి ప్వెబ్లా తొలి శుభవార్త అయింది.

ఊరూరా దేశభక్త సంఘాలు వెలిశాయి. వాటి సంఖ్య వంద దాటింది. నెలనెలా చందాలు వసూలు చేసి హ్వారెస్ సేనకు పంపారు. ఆడవాళ్లు విడిగా సంఘాలు పెట్టుకున్నారు. మే 5న ఊరేగింపుల్లో హ్వారెస్ బొమ్మ పక్కన లింకన్ బొమ్మ నిలిచింది. అక్కడి సింకో దె మాయో బానిసత్వానికి, రాచరికానికి ఎదురు నిలిచిన పండగగా మొదలైంది.

మద్యం కంపెనీల చేతిలోకి

ఆ తొలి తరం గడిచిపోయాక అర్థం మసకబారింది. 1960, 70ల్లో పౌరహక్కుల పోరులోకి దిగిన మెక్సికన్ అమెరికన్ యువకులు, చికానోలు, ఈ రోజును మళ్లీ పైకి తీశారు. యూరప్ సేనను ఆదివాసులు, పేద రైతులు కలిసి తరిమిన కథ వాళ్లకు తమ కథగా కనిపించింది. కాలేజీల్లో సభలు, నాటకాలు, నృత్యాలు నడిచాయి.

1980ల్లో బీరు కంపెనీలు వచ్చాయి. పెరుగుతున్న లాటినో జనాభా వాళ్లకు పెద్ద సంతగా కనిపించింది. ఉత్సవాలకు డబ్బిచ్చారు, తోరణాల మీద తమ పేర్లు రాయించుకున్నారు. కొన్నేళ్లకు ఆ తేదీకి తాగుడే గుర్తైంది. తాగి బండి నడపొద్దని అమెరికా రవాణా భద్రతా అధికారులు ఏటా మే 5కు ముందు ప్రత్యేకంగా హెచ్చరించాల్సి వస్తోంది. పెద్ద టోపీలు, అతికించిన మీసాలతో ఒక జాతి మొత్తాన్ని వేషంగా మార్చేయడం మెక్సికన్ కుటుంబాలకు గుచ్చుకునే మరో ముల్లు. 1990ల్లోనే కాలిఫోర్నియాలో లాటినో సంఘాలు మద్యం లేని సింకో దె మాయో జరపాలని ప్రచారం మొదలుపెట్టాయి. 2005లో అమెరికా కాంగ్రెస్ ఈ రోజును గుర్తించాలని తీర్మానం చేసింది.

ఇప్పుడు మెక్సికోలో

దియాస్ 1876లో గద్దెనెక్కి 1911 దాకా ఏలిన కాలంలో మే 5 వైభవంగా జరిగింది. తాను పోరాడిన యుద్ధం కాబట్టి అతనికది రాజకీయంగా పనికొచ్చింది. విప్లవం అతన్ని దించాక ఆ ఆర్భాటం తగ్గింది. ఇప్పుడు దేశంలో చాలాచోట్ల బ్యాంకులు, ఆఫీసులు మామూలుగానే పనిచేస్తాయి, బళ్లకు మాత్రం సెలవు.

ప్వెబ్లాలో అలా కాదు. ఊరు ఊరంతా రోడ్డు పక్కన బారులు తీరుతుంది. బడిపిల్లలు, బ్యాండు మేళాలు, సైనికులు, అలంకరించిన బళ్లు గంటల తరబడి సాగుతాయి. నెలల తరబడి సాధన చేసిన పిల్లల్ని చూడటానికి అమ్మానాన్నలు తెల్లవారుజామునే కుర్చీలు వేసుకుని చోటు పట్టుకుంటారు. లొరేతో, గ్వాదలూపె కోటలు ఇప్పుడు ప్రదర్శనశాలలు. అక్కడి గుట్ట మీద నిలబడి చూస్తే, ఫ్రెంచి సిపాయిలు వానలో జారిపడిన వాలు మీద ఇప్పుడు పార్కులు, రోడ్లు కనిపిస్తాయి.

టెక్సస్‌లోని తెలుగువారికి ఒక మాట

సరగోసా పుట్టిన స్థావరం ఇప్పుడు మెక్సికోలో లేదు. సరిహద్దు జరిగి ఆ ఊరు అమెరికాకు వెళ్లిపోయింది. దాని పేరు గోలియాడ్. అతను పుట్టినచోట ఒక స్మారకం, ప్వెబ్లా ప్రజలు కానుకగా పంపిన అతని విగ్రహం ఉన్నాయి. శాన్ ఆంటోనియోకు అది దాదాపు 150 కిలోమీటర్లు, హ్యూస్టన్‌కు అంతకంటే బాగా దూరం. ఆ ఊళ్లలో, ఆస్టిన్‌లో వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. వలసవాళ్ల మీద అనుమానపు చూపులు పెరుగుతున్న ఈ రోజుల్లో, మెక్సికో తన వీరుడిగా కొలిచే మనిషి టెక్సస్ మట్టిలో పుట్టాడన్న సంగతి అక్కడ పెరుగుతున్న మన పిల్లలకూ తెలియాలి.

వచ్చే మే 5న ఆఫీసు పార్టీలో ఎవరైనా అతికించుకునే మీసం చేతికిస్తే మర్యాదగా వద్దనండి. పక్క సీట్లో పనిచేసే మెక్సికన్ సహోద్యోగిని వాళ్ల ఊరి గురించి అడగండి. వారాంతం దొరికితే పిల్లల్ని కారులో కూర్చోబెట్టుకుని గోలియాడ్ వెళ్లి రండి.